బిల్లులో సరుకు, జీతంలో సేవ

కార్పొరేట్ ఆసుపత్రి డిశ్చార్జి బిల్లును చివరిదాకా చదివిన ధీరులు తక్కువ. చదివినవాళ్లకు బెడ్డు ఛార్జీలకూ డాక్టరు విజిట్లకూ నడుమ ఎక్కడో ఒక వరస తగిలి ఉంటుంది: నర్సింగ్ ఛార్జీలు, రోజుకింత. గ్లవ్స్‌కి వేరే, సిరంజికి వేరే, దూదికి కూడా వేరే. కాబట్టి ఇది అచ్చంగా నర్సు చేసిన పనికి కట్టిన ఖరీదే. ఆ వరస రాసేటప్పుడు యాజమాన్యానికి ఏ సందేహమూ లేదు. జనరల్ వార్డుకు ఒక రేటు, ఐసీయూకు దానికి మించిన రేటు. మొహమాటం అసలే లేదు.

అదే నర్సు ఒకటో తారీకున హెచ్‌ఆర్ గదిలోకి వెళ్లి, "సార్, పదిహేను వేలతో గడవడం లేదు" అందనుకోండి. ఉన్నట్టుండి ఆ గదిలోకి దైవత్వం దిగి వస్తుంది. "చూడమ్మా, మనది ఉద్యోగం కాదు, సేవ. దాన్ని డబ్బుతో కొలవకూడదు." కింది అంతస్తు బిల్లింగ్ కౌంటర్లో ఆ ఉదయమే కొలిచారు కదా సార్ అని ఆ అమ్మాయి అడగదు. అడిగితే వచ్చే నెల నైట్ డ్యూటీలన్నీ ఆమెవే.

ఈ సేవాభావానికి ఒక చిత్రమైన గుణం ఉంది. జీతం తక్కువున్నవాళ్లను చూసే అది పట్టుకుంటుంది. గుండె ఆపరేషన్లు చేసే డాక్టరుగారిని పిలిచి "మీది సేవ కదా, ప్యాకేజీ సగం చేద్దాం" అన్న యాజమాన్యం గురించి నేను వినలేదు. ఎమ్మారై యంత్రం అమ్మిన కంపెనీకి ఈ నెల వాయిదా బదులు ఆశీస్సులు పంపినవాళ్లూ లేరు. సేవ చేసే భాగ్యమంతా నర్సులకు, ఆయాలకు, వార్డుబాయ్‌లకు, ఏజెన్సీ కింద నేల తుడిచే హౌస్‌కీపింగ్ వాళ్లకు వదిలేశారు. గేటు మీద "సేవే మా ధ్యేయం" అన్న బోర్డు మాత్రం చైర్మన్‌గారి పేరుతో ఉంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

ఓ లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే. మీ ఇంట్లో బిల్లుంటే అసలువి పెట్టుకోండి. మంచానికి రోజుకు 400 రూపాయలు, నర్సు చూసేది పది మంచాలు. రోజుకు 4,000, నెలకు 1,20,000. మూడు షిఫ్టులకు ముగ్గురు నర్సులు, అంటే తలకు 40,000 వసూలు. జీతం 15,000. మిగిలిన 25,000 పేరే సేవ. ఇప్పుడు మూడు షిఫ్టులు తీసేసి పన్నెండేసి గంటల చొప్పున రెండు చేయండి. ఇద్దరే చాలు, తలకు 60,000. సేవ ఒక్కసారిగా 45,000కు పెరిగింది. పన్నెండు గంటల డ్యూటీ వెనక ఇంత ఆధ్యాత్మికత ఉంది! వారాంతపు సెలవుకు రిలీవర్‌ను లెక్కలో వేయలేదేమని అడుగుతారేమో. వాళ్లూ వేయరు.

పది మంచాలన్నది నా ఉదారత. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన లెక్క బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికొకరు, ఐసీయూలో ఒకరికొకరు. రాత్రి పదకొండుకు ఏ వార్డుకైనా వెళ్లి లెక్కపెట్టండి. సెలైన్ అయిపోయిందని ఒకరు, నాన్నకు ఆయాసమని ఇంకొకరు "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తుంటే, ఆ ఒక్క మనిషి ఫైళ్లు కూడా రాస్తుంటుంది. రాయకపోతే పొద్దున్నే మెమో. ఏ మందో ఇంజక్షనో లెక్కకు రాకపోతే జీతంలోంచి రికవరీ. సేవలో కోతలుంటాయని ఏ పురాణంలోనూ లేదు గానీ, ఇక్కడ ఉంటాయి.

సేవ స్వచ్ఛందంగా చేయాలంటారు. మరి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఎందుకున్నట్టు? రెండేళ్ల బాండు ఎందుకు? మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్మెందుకు? భక్తులను గుడిలోపల పెట్టి తాళం వేసిన ధర్మకర్తను మనం భక్తుడనం.

మే 12, నర్సుల దినోత్సవం వస్తే మాత్రం చూడాలి. కేకు, రంగోలీ పోటీ, ఫ్లారెన్స్ నైటింగేల్ పటం ముందు చైర్మన్‌గారి చేతుల మీదుగా దీపం. నైట్ డ్యూటీ దిగిన పిల్లలను ఇంటికి పోనివ్వకుండా హాల్లో కూర్చోబెడతారు, ఫొటోలో తలలు కావాలి గనక. పాపం, ఆ పటంలో ఉన్నావిడ ఎవరో వీళ్లకు పూర్తిగా తెలియదు. దీపం పట్టుకుని తిరిగిందన్నంత వరకే తెలుసు. ఆవిడ లెక్కల మనిషి. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతో కన్నా రోగాలతోనే ఎక్కువమంది చచ్చిపోయారని అంకెలు పోగేసి, 1858లో రంగుల బొమ్మలు గీసి మరీ ప్రభుత్వం ముఖాన పెట్టింది. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆవిడ పేరిట పెట్టిన బడిలో, నర్సు పని నేర్చుకునే అమ్మాయిలకు తిండి, వసతి, యూనిఫాంతో పాటు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చారు. మనవాళ్లు నూట అరవై ఏళ్ల తర్వాత దీన్ని మెరుగుపరిచారు. ఇక్కడ నేర్చుకునే అమ్మాయే ఫీజు కడుతుంది, కట్టి వార్డులో ఊరికే పనిచేస్తుంది. నైటింగేల్ నిజంగా ఆ హాల్లోకి వస్తే కేకు జోలికి పోదు, డ్యూటీ రోస్టర్ తెమ్మంటుంది. దీపం ఆర్పేసి కరెంటు పోయిందని చెప్పడం తప్ప చైర్మన్‌గారికి దారుండదు.

పూజించి పస్తు పెట్టడంలో ప్రభుత్వాలూ తీసిపోలేదు. కోవిడ్ వచ్చాక, 2020 మార్చి 22న వైద్య సిబ్బంది కోసం పళ్లేలు మోగించాం. మే 3న హెలికాప్టర్లు వచ్చి హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లాయి. జులై నాటికి అదే ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతం కోసం, ఉద్యోగ భద్రత కోసం విధులు ఆపి కూర్చున్నారు. మరుసటి జులైకల్లా, కోవిడ్ కోసం ఔట్‌సోర్సింగ్‌లో తీసుకున్న నర్సులను పెద్దసంఖ్యలో ఇంటికి పంపారు. ఈసారి హెలికాప్టర్ అవసరం రాలేదు.

ఎవరూ ఏమీ చెప్పలేదనుకోకండి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసింది. రెండు వందల పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, వంద దాటితే పది శాతానికి మించి తగ్గకూడదు, యాభై దాటితే పాతిక శాతానికి మించి తగ్గకూడదు, యాభైలోపు పడకలున్నా 20,000కు తక్కువ వద్దు అని ఆ కమిటీ అంది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు. కేరళ నర్సులు 2017లో రోడ్డెక్కి, 2018లో నోటిఫికేషన్ రాబట్టుకున్నారు. మన వీధి చివర ముప్పై పడకల నర్సింగ్ హోంలో 20,000 తీసుకుంటున్న సిస్టర్ మీకు కనబడితే, ఆవిడకే మే 12న సన్మానం చేయండి.

జీతాలు పెంచితే బిల్లు పెరిగి పేదరోగి నష్టపోతాడని ఇంకో కన్నీటి వాదన. రోగిని ఊరినుంచి పంపినందుకు ఆర్‌ఎంపీకి ముట్టే కమీషన్ వల్ల, చౌరస్తాలో సినిమాతార నవ్వుతున్న హోర్డింగు వల్ల పేదరోగికి ఏ నష్టమూ రాదు కాబోలు. నర్సు జీతంలో రెండు వేలు పెరిగితేనే ఆయన కుప్పకూలుతాడు.

ఇక చేసేదేముంది, అమ్మాయిలు జర్మన్ నేర్చుకుంటున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే శిక్షణ ఇచ్చి జర్మనీకి పంపుతోంది. "అనుభవం రాగానే వెళ్లిపోతారు, కృతజ్ఞత లేదు" అని యాజమాన్యాల ఏడుపు. వెళ్లిన సీనియర్ స్థానంలో మొన్న పాసైన పిల్లను ఐసీయూలో నిలబెడతారు, ఐదు వెంటిలేటర్లు అప్పజెబుతారు. ఆ ఐదింటిలో ఒకదాని మీద చైర్మన్‌గారి నాన్నగారు మాత్రం ఉండరు. ఆయనకు వేరే గది, ఇరవయ్యేళ్ల అనుభవమున్న సిస్టరు, రోగి ఒకరు, నర్సు ఒకరు. కౌన్సిల్ నిబంధన ఆ గదిలో తు.చ. తప్పకుండా అమలవుతుంది.