ఉతికితే ధర పోతుంది

ఆటగాళ్ల వస్తువులు కొనడం ముచ్చట కాదు, పెట్టుబడి అని ఈమధ్య కొత్త వేదం ఒకటి పుట్టింది. ప్లాటు కబ్జా అవుతుంది, షేరు పడుతుంది, బంగారం అందనంత ఎత్తుకు పోయింది. సంతకం చేసిన బ్యాటు మాత్రం గోడకు వేలాడుతూనే పిల్లల్ని పెడుతుందట. మన షోకేసుల్లోని చాలా బ్యాట్ల మీద ఆ సంతకం ఫ్యాక్టరీలో పడిన అచ్చే అన్న సంగతి పక్కన పెడదాం. నిఖార్సైన సరుకు సంగతే చూద్దాం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నవాళ్లు ఈ బజారు చూడకుండానే పోయారు పాపం.

ఈ శాస్త్రంలో తొలి నియమం: ఎవరూ ముట్టుకోకూడదు. అమెరికాలో బేస్‌బాల్ కార్డంటే ఒకప్పుడు బబుల్‌గమ్‌తో పాటు పిల్లలకిచ్చే అట్టముక్క. 1952లో టాప్స్ కంపెనీ వేసిన మికీ మాంటిల్ కార్డొకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అది చేసిన ఘనకార్యం ఒక్కటే, ఏ పిల్లాడి జేబులోనూ పడకుండా తప్పించుకోవడం. మాంటిల్ అంటే ప్రాణం పెట్టి, కార్డును జేబులో వేసుకు తిరిగిన కుర్రాళ్లందరి దగ్గరా మూలలు నలిగాయి, ధర పోయింది. అభిమానానికి ఇక్కడ పడే జరిమానా అది. పైగా అప్పట్లో అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్గరే చెప్పుకున్నాడు.

ఈ కిటుకు 1980ల చివరికల్లా అమెరికా తల్లిదండ్రులకు తెలిసిపోయింది. పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు కొని, సీలైనా విప్పకుండా అటకెక్కించారు. అందరూ ఎక్కించారు. కంపెనీలూ అడిగినవాడికి లేదనకుండా అచ్చేశాయి. ఆ రోజులను కలెక్టర్లే ఇప్పుడు 'జంక్ వ్యాక్స్' యుగమంటున్నారు. వాటిలో చాలా పెట్టెలకు ఈరోజు ఒక సెమిస్టరు పుస్తకాలు కూడా రావు.

చొక్కా దగ్గరికొచ్చేసరికి శాస్త్రం మొత్తం తిరగబడుతుంది. కార్డు మీద వేలిముద్ర పాపం, జెర్సీ మీద చెమట మరక పుణ్యం. మట్టి ఉండాలి, చిరుగు ఉంటే మరీ మంచిది. ఆ చిరుగు ఫలానా మ్యాచ్ ఫొటోలోని చిరుగుతో సరిపోవాలి. అలా సరిపోల్చడానికి ఫొటో మ్యాచింగ్ అని పేరు, దానికి నిపుణులు, ఆ నిపుణులకు ఫీజులు. 1932 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో బేబ్ రూత్ తొడుక్కున్న చొక్కా 2005లో 9.4 లక్షల డాలర్లకు పోయింది. ఫొటోలతో పోల్చి ఆ సిరీస్‌లో వేసుకున్నది ఇదేనని తేల్చాక, 2024లో అదే చొక్కా 2.41 కోట్లు పలికింది. ఈ మధ్యలో ఎవరైనా ముచ్చటపడి సర్ఫులో నానబెట్టి నాలుగు జాడింపులు జాడించి ఉంటే? జాడింపుకిన్ని లక్షల చొప్పున కాలవలో కలిసేవి. బ్రాడ్‌మన్ 1947-48లో భారత జట్టు మీద ఆడినప్పటి టోపీ చూడండి. ఎండకు వెలిసింది, పురుగు కొట్టింది. అయినా 2024 డిసెంబరులో సిడ్నీ వేలంలో 3.9 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పోయింది. వేలం కంపెనీ ఛార్జీలు కలిపితే దాదాపు 4.8 లక్షలు. పురుగు తిన్నదానికంటే కంపెనీ తిన్నదే ఎక్కువ.

ఇక కాగితం మహిమ. వస్తువుకంటే దాని పక్కనుండే సర్టిఫికెట్ గట్టిది కావాలి. 1990ల్లో అమెరికా ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకుంటే, ఆ సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి. కోల్‌కతాలో ఆవిడ ఏ జట్టుకు ఆడేవారో కొన్నవాళ్లు అడిగి ఉండరు. బంతికి సర్టిఫికెట్ ఉందిగా!

పాతతరం బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ సిగరెట్ కార్డు కథ ఇంతకంటే రుచి. 1991లో హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, మరొకాయనతో కలిసి దాన్ని 4.51 లక్షల డాలర్లకు కొన్నాడు. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ పదికి 8 మార్కులేసి ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసింది. 2007 నాటికి ధర 28 లక్షలు. 2013లో డీలర్ బిల్ మాస్ట్రో ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని కోర్టులో ఒప్పుకున్నాడు. అంచు కత్తిరిస్తే మార్కులే వేయకూడదన్నది గ్రేడింగ్ నియమం. మాస్ట్రోకు 20 నెలల జైలు పడింది, అది వేలంలో దొంగ పాటలు పాడించినందుకు. కార్డు పరువు పోయిందనుకుంటున్నారా? కత్తెర కథ కూడా చరిత్రే కదా, వేలం పుస్తకంలో ఇంకో పేరా పెరుగుతుంది.

ఇవన్నీ దాటినా, ఆటగాడు బతికున్నంత కాలం మీ సొమ్ము అతని చేతిలోనే. మార్క్ మెక్‌గ్వైర్ 1998 బేస్‌బాల్ సీజన్‌లో రికార్డుగా కొట్టిన 70వ హోమ్‌రన్ బంతిని కామిక్స్ గీసే టాడ్ మెక్‌ఫార్లేన్ సుమారు 30 లక్షల డాలర్లు పోసి కొన్నాడు. మూడేళ్లకే బారీ బాండ్స్ ఆ రికార్డు చెరిపి 73 కొట్టాడు. మెక్‌ఫార్లేన్ ఓపిక మెచ్చుకోవాలి, 2003లో ఆ 73వ బంతినీ 4.5 లక్షలకు కొన్నాడు. 2010లో మెక్‌గ్వైర్ స్టెరాయిడ్లు వాడానని నోరు విప్పాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ 'చివరి' టచ్‌డౌన్ బంతిదీ ఇదే తీరు. 2022 మార్చిలో ఒక శనివారం 5,18,628 డాలర్లకు వేలం ముగిసింది. ఆదివారం బ్రేడీ మనసు మార్చుకుని మళ్లీ ఆడతానన్నాడు. ఆ అమ్మకాన్ని తర్వాత రద్దు చేశారు కాబట్టి పాడుకున్నవాడు బతికిపోయాడు.

మనవాళ్లేం తక్కువ తిన్నారు? మన గుంటూరు అంబటి రాయుడు 2019లో రిటైరై, రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాడు. 2022లో ఐపీఎల్‌కు సెలవంటూ ట్వీట్ పెట్టి, కాసేపట్లోనే తీసేశాడు. రాయుడి ఆఖరి బ్యాటని ఎవరైనా తెచ్చి చూపిస్తే, ఏ ఏడాది ఆఖరిదో కనుక్కుని మరీ బేరమాడండి.