మిషన్ల పెళ్లికి హాలు కావలెను

మా సంఘంలో ఏ తీర్మానమైనా టీ వచ్చేలోపే పాసైపోతుంది. జంతికల మిషన్లు, పచ్చళ్లు కలిపే మిషన్లు, మసాలా పొడులు ప్యాకెట్లలో నింపే మిషన్లు తయారుచేసే చిన్న పరిశ్రమల వాళ్లం. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో పొద్దస్తమానం ఇనుముతో కుస్తీ పట్టేవాళ్లకి చర్చలంటే ఓపిక తక్కువ. అందుకే, "ఎవరో పెట్టే ఎగ్జిబిషన్లలో స్టాలు కోసం బతిమాలుకునే బదులు మనమే ఒకటి పెడదాం" అని ప్రెసిడెంటు గారు అనగానే అందరూ చప్పట్లు కొట్టేశారు. వంద స్టాళ్లు, శుక్ర, శని, ఆదివారాలు. "ఇక ఎక్కడ పెట్టాలన్నదే మిగిలింది, అది చిన్న విషయం" అన్నారాయన. ఆ చిన్న విషయం దగ్గర మొదటి టీ, రెండో టీ, మిర్చి బజ్జీలు, ఇద్దరు సభ్యుల పాత స్నేహం అన్నీ అయిపోయాయి.

ఆ ఇద్దరిలో ఒకాయనది ఎల్బీనగర్, ఇంకొకాయనది మియాపూర్. ఒకే మెట్రో లైనుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. "విజయవాడ నుంచి, నల్గొండ నుంచి వచ్చే పార్టీ ముందు దిగేది మా దగ్గరే" అని ఆయన, "ముంబై హైవే మా గుమ్మం ముందు నుంచే పోతుంది" అని ఈయన. హైదరాబాద్‌కి నడిబొడ్డు ఎక్కడంటే, మాట్లాడేవాడి ఇల్లు ఎక్కడుందో అక్కడే. ఎటూ తేలక, ఎవరి పక్షమూ వహించకుండా మూల కూర్చుని బజ్జీ తింటున్న నన్ను వేదికల కమిటీకి కన్వీనర్ని చేశారు.

హైటెక్స్ పేరు అందరికంటే ముందు నేనే ఎత్తాను. 2003 నుంచీ నగరంలో ఇలాంటి పనుల కోసమే ఉన్న చోటు. లోపల స్తంభాలు అడ్డం రావు, లారీ హాలు దాకా వస్తుంది, "త్రీ ఫేజు కావాలి" అంటే అక్కడివాళ్లు మన మొహంలోకి వింతగా చూడరు. కోశాధికారి గారు మాత్రం చూశారు. అద్దె చదరపు మీటరుకి ఇంత, రోజుకి ఇంత, స్టాళ్లు కట్టుకునే రోజులకి వేరే, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ అని నేను చెప్తుంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అంకెల్లో తప్పు అద్దానిదేమో అన్నట్టు.

"వంద స్టాళ్లు, స్టాలు మూడు మీటర్లకి మూడు. అంటే 900 చదరపు మీటర్లు. మీరు 1,800 ఎందుకు అడిగారు?" అన్నారు.

"నడవలు కావాలి కదండీ. మనుషులు నడవాలి."

"నడిచే జాగాకి కూడా మనమే అద్దె కట్టాలా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం చాలా కష్టం. స్టాళ్లకి ఎంత జాగా పోతుందో నడవలకి, గుమ్మాలకి, వేదికకి, రిజిస్ట్రేషను బల్లలకి ఇంచుమించు అంత జాగా పోతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన లెక్కే. కానీ సరుకు అమ్ముడుపోని జాగాకి సొమ్ము కట్టడమంటే వ్యాపారస్థుడికి ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. మూడు మీటర్ల నడవని రెండుకి కుదించి ఇంకో పాతిక స్టాళ్లు ఇరికిద్దామని ప్రెసిడెంటు గారు పెన్ను తీశారు. నేను మాట పెంచిన సందర్భం అదొక్కటే. 2019 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక్క రాత్రిలో ఎన్ని స్టాళ్లు బూడిదయ్యాయో అక్కడున్న అందరూ టీవీలో చూసినవాళ్లే. పెన్ను మళ్లీ జేబులోకి వెళ్లింది.

నాంపల్లి అనగానే పెద్దాయన ఒకాయనకి హుషారొచ్చింది. ఆ నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైందని, 1946లో నాంపల్లికి మారిందని, అప్పట్లో వాళ్ల నాన్నగారు ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారని చెప్పి, "మనమూ అక్కడే పెడదాం" అన్నారు. చరిత్ర బాగానే ఉంది కానీ మేం అనుకుంటున్నది వానాకాలం. ఆరుబయట జర్మన్ హ్యాంగరు వేస్తే పైన తడవదు నిజమే. కింద నుంచి వచ్చే నీటికి అది పూచీ పడదు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా కూడా అలాగే కొట్టేశాం. ప్యాకింగు మిషను మోటారు సాగర్ గాలికి తట్టుకుంటుంది కానీ సాగర్ వాసనకి కొనేవాడు తట్టుకోవాలి కదా.

ఇక మిగిలినవి ఫంక్షన్ హాళ్లు. వానాకాలం ఎందుకు ఎంచుకున్నామో ఇక్కడ చెప్పాలి. ఎంచుకున్నది మేం కాదు, పంచాంగం. ముహూర్తాలున్న నెలల్లో ఫోన్ చేస్తే హాలు మేనేజర్లు "పెళ్లి ఎవరిది సార్?" అని మొదలుపెట్టి, మిషన్లదని తెలిశాక లైన్లో ఉండమని చెప్పి తిరిగి రారు. అదే ఆషాఢమో, మూఢమో అయితే వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. గురుడో శుక్రుడో సూర్యుడి దగ్గరికి జరిగి కనబడకుండా పోయిన రోజుల్లో హాలు అద్దె కూడా సగానికి సగం కనబడకుండా పోతుంది. చీరల కొట్లే కాదు, షాండ్లియర్లు కూడా ఆషాఢం సేల్లో దొరుకుతాయని నాకు అప్పుడే తెలిసింది.

అలా ఆ వారమంతా హాళ్ల వెంట తిరిగాం. ప్రతి మేనేజరూ ముందు గుమ్మంలోంచి తీసుకెళ్లి షాండ్లియర్ చూపిస్తాడు. తర్వాత సింహాల కుర్చీలు. తర్వాత పెళ్లికూతురి గది, దాని అద్దం చుట్టూ బల్బులు. "ఇక్కడ లైటింగ్ చూడండి సార్, ఫొటోలు అదిరిపోతాయి" అంటాడు. పచ్చడి కలిపే మిషనుకి మేకప్ ఎందుకని నేను అడగను. అలవాటు కొద్దీ చెప్తాడు పాపం. నేను మాత్రం టేపు పట్టుకుని వెనక గుమ్మానికి వెళ్తాను. ఎందుకంటే ముందు గుమ్మంలోంచి వచ్చేది మంత్రిగారు, వెనక గుమ్మంలోంచి వచ్చేది ఎగ్జిబిషను.

కొంపల్లి వైపు మాకు నచ్చిన హాలుకి వెనక రోలింగ్ షట్టరు ఉంది. వెడల్పు తొమ్మిదడుగులు, మా అందరిలోకీ పెద్ద మిషను ఏడున్నర. మనసు నిండిపోయింది. కానీ షట్టరు సగానికి లేచి ఆగింది. కింద ఒక పాత రుబ్బురోలు ఆనించి ఉంది, పైన వాచ్‌మన్ గారి లుంగీలు ఆరుతున్నాయి, సరిగ్గా దారికి అడ్డంగా ఏపుగా పెరిగిన కరివేపాకు చెట్టు. ఆ చెట్టు ఆకు పడకుండా ఆ హాల్లో ఒక్క పెళ్లి సాంబారూ తయారుకాలేదట. "గీ చెట్టు కొడ్తే వంటోళ్లు నన్ను కొడ్తరు సార్" అన్నాడు వాచ్‌మన్. తర్వాత మా డ్రాయింగు కాగితం వంక అనుమానంగా చూసి, "పిల్ల ఏడుంది, పిలగాడు ఏడున్నడు, అన్నీ డబ్బాలే ఉన్నయి?" అన్నాడు. చివరికి చెట్టు చుట్టూ తిప్పి తేవాలని, లుంగీలు మూడు రోజులు డాబా మీదికి వెళ్లాలని ఒప్పందం కుదిరింది. పగలు లారీలకి నగరంలోకి నో ఎంట్రీ కాబట్టి సరుకంతా రాత్రిళ్లే దిగాలి. దానికీ వాచ్‌మనే కావాలి. ఆ హాలుకి అసలు యజమాని ఎవరో నాకు అప్పుడే అర్థమైంది.

హాలు ఖాయమయ్యాక మేనేజరు నిబంధనలు విప్పాడు. స్టాళ్లు కట్టే రోజు ఏసీ వెయ్యరు. గ్రానైటు మీద బరువైన మిషను పెడితే కింద చెక్కలు వెయ్యాలి. గోడకి మేకు కొట్టకూడదు. బయటి భోజనం తేకూడదు. హాల్లో మంట వెలిగించకూడదు. చివరిదాంతో మావాళ్ల మొహాలు వాడిపోయాయి. జంతికల మిషను పక్కన నూనె మూకుడు కాగకపోతే చూసేవాడు నమ్మడు. కానీ మేనేజరు మాటే న్యాయం. ఆఖరికి హాలు వెనక పెళ్లి వంటలు చేసే షెడ్డు మాకిచ్చాడు. వేయించేవన్నీ అక్కడ, తిప్పేవన్నీ లోపల. దాంతో కరకరలాడే జంతికలు షెడ్డులో, వాటి ధరల పట్టిక హాల్లో అయ్యాయి. మూడు రోజులూ జనం షెడ్డులోనే కనిపించారు.

లేఅవుట్ కాగితం బయటికి వచ్చిన రోజు నుంచి నా ఫోనుకి విశ్రాంతి లేదు. అందరికీ తూర్పు ముఖం కావాలి, అందరికీ గుమ్మం పక్కనే కావాలి, ఎనిమిదో నంబరు ఎవరికీ వద్దు. ఒకాయన ఈశాన్యం మూల తప్ప ఒప్పుకోనన్నారు. ఆ హాలుకి ఈశాన్యంలో టాయిలెట్లున్నాయని చెప్తే, "హాలు కట్టినవాడికి బుద్ధి లేదు" అని, ఒక నిమిషం ఆలోచించి, "అయినా అటువైపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందేగా, దాని ఎదురుగా ఇవ్వండి" అన్నారు. వందమందిలో వ్యాపారం తెలిసిన మనిషి ఆయనే. స్టాలు పైన రాసే పేర్ల దగ్గర ఇంకో బాధ. న్యూమరాలజీ ప్రకారం ఒకరికి చివర ఇంకో 'ఎ' కావాలి, ఒకరికి నడుమ 'హెచ్' కావాలి. అచ్చు వేసేవాడు అవి తప్పులనుకుని దిద్దేశాడు. ఎగ్జిబిషన్ ముందురోజు రాత్రి నిచ్చెనెక్కి జాతకాలు మళ్లీ అతికించాం.

టాయిలెట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఏ కమిటీలోనూ దీని గురించి ఎవరూ మాట్లాడరు. కానీ మా మిషన్లు కొనేవాళ్లలో ఎక్కువమంది జిల్లాల నుంచి జేబీఎస్‌లో బస్సు దిగి వచ్చే మహిళా సంఘాల వాళ్లు. నీళ్లు లేని టాయిలెట్ చూస్తే మధ్యాహ్నానికే తిరుగు బస్సెక్కేస్తారు. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు మేడ కట్టి మహా ప్రదర్శన పెట్టినప్పుడు జార్జ్ జెన్నింగ్స్ అనే ప్లంబింగు ఇంజినీరు అందులో పబ్లిక్ టాయిలెట్లు పెట్టి, మనిషికి ఒక పెన్నీ వసూలు చేశాడు. 8,27,280 మంది కట్టారని లెక్క. ఈ సంగతి కమిటీలో చెప్పింది శుభ్రత కోసమే. కోశాధికారి గారి కళ్లలో మెరుపు చూసి వెంటనే విషయం మార్చేశాను.

కరెంటుది వేరే కథ. ఎంత కరెంటు కావాలో రాయమని అందరికీ ఫారాలిచ్చాం. అదనపు కరెంటుకి అదనపు రుసుమన్న ముక్క అందులోనే ఉంది. అంతే, "ఒక ఫ్యాను ప్లగ్గు చాలు" అని రాసినవాళ్లే ఎక్కువ. తీరా గురువారం రాత్రి దిగినవి చూస్తే ఐదు హార్స్‌పవర్ మోటార్లు, ఏడున్నరవి. మోటారు తిరుగుతున్నప్పుడు తాగే కరెంటు ఒక ఎత్తు. మొదలయ్యే ఆ క్షణంలో ఐదారింతలు గుంజుతుంది. ఈ సంగతి వాటిని తయారుచేసే వాళ్లకి నేను చెప్పాలా? వాళ్లకి తెలుసు. పక్కవాడు ఫారంలో నిజం రాసి ఉంటాడని ప్రతివాడూ నమ్మాడు, అంతే. రాత్రికి రాత్రి 125 కేవీఏ జనరేటరు తెప్పించి, దాన్ని కరివేపాకు చెట్టు పక్కన నిలబెట్టి, వాచ్‌మన్‌కి ఇంకోసారి దండం పెట్టాం.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. కాబట్టి ప్రారంభోత్సవం పది గంటలకి అని ఆహ్వానంలో వేశాం. ముఖ్య అతిథి ఎలాగూ ఒక గంట ఆలస్యంగా వస్తారు, వస్తే రాహుకాలంలో వచ్చినట్టవుతుంది, అప్పుడేం చేయాలని దానికి కూడా ప్రెసిడెంటు గారు ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నారు. ఎవరూ ఊహించనిది ఒక్కటే జరిగింది. ఆ ముఖ్య అతిథికి రాహుకాలం పట్టింపు మాకంటే ఎక్కువ. పదికి ఇరవై నిమిషాల ముందే కారు దిగారు. అప్పటికి కార్పెట్ మీది ప్లాస్టిక్ కాగితం సగమే పీకారు. దండలు గుడిమల్కాపూర్ నుంచి ఇంకా దారిలో ఉన్నాయి. ప్రెసిడెంటు గారు జేబురుమాలుతో ఒక వెయింగ్ మిషను తుడుస్తున్నారు. అదే చేత్తో నమస్కారం పెట్టేశారు.

రిబ్బన్ కత్తిరించారు. అతిథి గారు చూస్తుండగానే తిరగాలని వందమందీ ఒకేసారి స్విచ్చులు నొక్కారు. హాలంతా ఒక్క హోరు. ఆ హోరు పట్టుమని మూడు సెకన్లు ఉండి, 'టప్' మని ఆగిపోయింది. మోటార్లు, ఏసీ, షాండ్లియర్, మైకు అన్నీ ఒకేసారి. చీకట్లో ఎవరో చిన్నగా "రాహుకాలం మొదలైందా?" అన్నారు. "ఇంకా అరగంటుంది" అని ఇంకెవరో. మైకు లేదు కాబట్టి అతిథి గారి ప్రసంగం రెండు నిమిషాల్లో ముగిసింది. ఆయన చేసిన ప్రసంగాల్లో అంత బాగా చప్పట్లు పడ్డది ఇంకోటి ఉండదు. తర్వాత నేనూ ఎలక్ట్రీషియనూ కలిసి, ఏ వరస ఎప్పుడు ఆన్ చేయాలో అరగంటకొకటి చొప్పున ఒక కాగితం మీద రాసి గోడకి అతికించాం. మేకు కొట్టకుండానే.

ఆదివారం లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ చుట్టూ ట్రాఫిక్ మళ్లింపులు. ఆషాఢంలో అద్దె తగ్గుతుందని చూసుకున్న మాకు ఆషాఢంలో అమ్మవారి జాతర కూడా ఉంటుందని పంచాంగంలో కనబడలేదు. అద్దె దగ్గరే చూపు ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా సందర్శకులు లేక స్టాళ్ల వాళ్లే ఒకరి మిషన్లు ఒకరు తిరిగి చూశారు. ఆ ఖాళీలోనే ఒకరి దగ్గర ఒకరు రెండు మిషన్లు కొనుక్కున్నారు కూడా.

లెక్కలు చూసుకుంటే నష్టం రాలేదు. కోశాధికారి గారు ఆ ఊపు మీదే కొత్త పంచాంగం తెప్పించి, 2026లో అధిక జ్యేష్ఠం వస్తోందని, మే సగం నుంచి జూన్ సగం దాకా పెళ్లిళ్లుండవని ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి నాకిచ్చారు. అదే హాలు మేనేజరుకి ఫోన్ చేశాను.

"అధిక మాసమా సార్? రేటు పెరిగింది" అన్నాడు.

"అదేంటండీ, పెళ్లిళ్లు లేవుగా?"

"పెళ్లిళ్లు లేవు కాబట్టే సార్. ఫర్నిచర్ వాళ్లు, ప్లైవుడ్ వాళ్లు, ఎడ్యుకేషన్ ఫెయిర్ వాళ్లు, అందరూ పంచాంగం కొన్నారు. మీకు తక్కువలో కావాలంటే మంచి ముహూర్తం రోజు ఏదైనా చూడమంటారా? పొద్దున ఆరింటికి పెళ్లి అయిపోతుంది, ఎనిమిదికల్లా పందిరి విప్పేస్తారు."