పగులు మీద గాజు పలక

నేను కిటికీ అద్దం కోయగా మిగిలిన ముక్కను. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. గుంటూరులో ఒక గాజు దుకాణం మూలన పడి ఉంటే ఇంజనీరమ్మ ఏరుకొచ్చింది. రిటైరైన ఓ మాస్టారి ఇంట్లో, నైరుతి మూల కిటికీ కింద ఏటవాలుగా దిగిన పగులు దగ్గర ఇటుక తేలేదాకా గోడ గీకించి, పగులుకు అడ్డంగా నన్ను ఆనించింది. రెండు కొసలకే సిమెంటు పెట్టి, నడుమ వదిలేసి, పక్కన తేదీ రాసింది. గాజు సాగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా విరుగుతుంది. నన్ను పెట్టింది విరగడానికే.

అప్పటికే ఆ పగులుకు ఎన్నోసార్లు లప్పం పెట్టి రంగు వేశారట. వేసవి వస్తే మళ్లీ నోరు తెరిచేది.

"ఈసారి మంచి సిమెంటుతో పూడ్చేద్దాం మాస్టారూ" అన్నాడు మేస్త్రీ.

"ఆగండి మేస్త్రీగారూ! గోడ ఎందుకు కదులుతోందో తెలియకుండా పూడిస్తే పక్కనే ఇంకోటి పడుతుంది" అంది ఆమె.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నేనూ ఆ ఎండల్లోనే విరిగాను. వానలు పడ్డాక నా విరిగిన అంచులు మళ్లీ దగ్గరికొచ్చాయి. ఆమె వచ్చినప్పుడల్లా ఆ సందు కొలిచి రాసుకునేది. ఎండకు తెరుచుకుని వానకు మూసుకుంటోందంటే, ఇంటిని ఆడిస్తున్నది మట్టే.

ఆ ఊరిది నల్లరేగడి. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజానికి పుస్తకం పేజీల్లాంటి పొరలుంటాయి. వాటి మధ్య నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పదును పట్టి ఉంచి పత్తిని బతికించే ఆ గుణమే గోడలకు చేటు. మూల దగ్గర గొయ్యి తీస్తే రాతి పునాది మూడడుగులకే ఆగిపోయి కనిపించింది. దాని కిందకు పెరటి వేపచెట్టు వేర్లు పాకాయి. డాబా మీది వాననీరంతా గొట్టంలోంచి సరిగ్గా అక్కడే పడుతోంది. వేసవిలో చెట్టు తాగేసేది, వానల్లో డాబా కుమ్మరించేది. ఆ రెంటి మధ్య ఇల్లు నలిగింది.

మాస్టారు చెట్టు కొట్టించేస్తానన్నారు. "వద్దండీ, ఇన్నాళ్లూ వేప లాగేసిన నీళ్లు ఇకమీదట మట్టిలోనే నిలిస్తే, అది ఉబ్బి మూలను పైకి తోస్తుంది" అంది ఇంజనీరమ్మ. ఏడాదికోసారి కొమ్మలు నరికించి దాని దాహం తగ్గిస్తే చాలంది.

తొమ్మిదడుగుల లోతులో గట్టి గ్రావెల్ తగిలింది. పునాదిని అక్కడికి దించాలి. గోడ పొడవునా ఒకేసారి తవ్వితే ఇల్లే కూలుతుంది. అందుకని నాలుగేసి అడుగుల గోతులు, అవీ పక్కపక్కన కాకుండా ఒకటి విడిచి ఒకటి తీశారు. మనిషి దిగే గోతులు కాబట్టి చెక్కలు ఆనించందే ఎవర్నీ దిగనివ్వలేదామె. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి మొక్కాలి. కాంక్రీటు పోసి, పాత రాయికి రెండు మూడు అంగుళాలు కిందే ఆపారు. కాంక్రీటు గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. రాయిని తాకేదాకా పోస్తే తర్వాత సందు మిగిలి ఇంటి బరువు దాని మీదికి దిగదు. కాంక్రీటు బిగిశాక, తక్కువ నీళ్లతో పొడిపొడిగా కలిపిన సిమెంటు, ఇసుకను ఆ ఖాళీలో కూరి, కర్రముక్క పెట్టి సుత్తితో దట్టించారు. అప్పుడే పక్క గోతికి పలుగు పట్టారు.

కట్టేటప్పుడే చూసుకుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున బుడ్డలా ఉబ్బే పైల్స్‌ను అభివృద్ధి చేసింది. ఆ బుడ్డ సాధారణంగా కాండానికి రెండున్నర రెట్లు వెడల్పుంటుంది. ఎండావానలకు మారని పొరలో అది పట్టు పెట్టుకుంటుంది. ఇంటి మీద లక్షలు పెట్టేవాళ్లు మట్టి పరీక్షకు వెనకాడటం చూస్తే నాకు నిజంగా దుఃఖం వస్తుంది.

తర్వాత ఇంటి చుట్టూ బయటికి వాలుగా ఐదడుగుల గచ్చు చేశారు. డాబా గొట్టాన్ని వీధి కాలువదాకా లాగారు. నా పక్కన కొత్త గాజు పెట్టారు. దాని మీదుగా రోహిణి కార్తె వెళ్లింది, ముసురూ వెళ్లింది. అది విరగలేదు.

ఇప్పుడు మేస్త్రీ పగులును వెడల్పు చేసి, జాలీ కొట్టి పూత వేస్తున్నాడు. ఇందాక పక్కింటివాళ్లు తమ గోడకు లప్పం పెట్టమని పిలిచారు. "ముందు ఒక గాజు ముక్క తెప్పించండి, లప్పం సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు.