నేలలోకి దిగిన నత్రజని: యాజమాన్యానికి కొన్ని చిట్కాలు

మీ యార్డులో అమోనియా గొట్టాలు కారాయి, ఎరువు బస్తాలు వానకు తడిశాయి, ఏళ్ళ తరబడి నేల ఆ రసమంతా తాగింది. ఇప్పుడు పొల్యూషన్ బోర్డు నుంచి నోటీసొచ్చింది. కంగారు పడకండి. శుద్ధి చేయడం కన్నా చేసినట్టు చూపించడం చాలా చవక.

ముందు పరీక్ష బోర్లు. భూగర్భజలం కూడా సాధారణంగా పల్లానికే పోతుంది కాబట్టి వాటిని యార్డుకు ఎగువన, గెస్ట్‌హౌస్ పక్కన వేయించండి. నీళ్ళు తేటగా వస్తాయి. పల్లపు వైపు బోరు బండి పోవడానికి దారి లేదని ఫైల్లో రాసిపెట్టండి.

ల్యాబ్ రిపోర్టు దగ్గర ఇంకాస్త నేర్పు కావాలి. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్. అమెరికాలో 10 అంటారు. వాళ్ళు లెక్కగట్టేది నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే, కాబట్టి రెండూ దాదాపు ఒకటే. ఈ తికమకను వృథా పోనివ్వకండి. ఫలితం నత్రజని లెక్కలో ఇమ్మనండి. 30 వచ్చిందా, పక్క గడిలో మన 45 రాసేయండి. పాస్! ఆ 30ని నైట్రేట్ లెక్కలోకి మారిస్తే 133 అవుతుందని మీ కెమిస్టుకు తెలుసు. ఆ రోజు అతనికి సెలవివ్వండి.

అసలు నైట్రేట్ జోలికే పోకుండా అమోనియా ఒక్కటే కొలిపిస్తే మరీ హాయి. ధనావేశం ఉన్న అమోనియం బంకమట్టిని పట్టుకుని కూర్చుంటుంది. గాలి ఆడే చోట బాక్టీరియా దాన్ని మెల్లగా నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ది రుణావేశం, మట్టికి అంటదు, నీళ్ళ వెంట జారుకుంటుంది. మీ గ్రాఫులో మాత్రం అమోనియా ఏటేటా తగ్గుతూ వస్తుంది. దాన్ని వార్షిక నివేదిక అట్ట మీద వేయించండి. తగ్గింది ఎటు పోయిందని అడిగే వాటాదారు ఇంకా పుట్టలేదు.

తొందరగా కావాలంటే ట్యాంకర్లు తెప్పించి యార్డును వారం పాటు తడపండి. పైమట్టి శుభ్రం. కిందికి దిగింది భూదేవి చూసుకుంటుంది.

అరిజోనాలో, నవాహో ప్రజల గడ్డ మీద, మాన్యుమెంట్ వ్యాలీ దగ్గర జరిగిన పనిని మాత్రం ఆదర్శంగా పెట్టుకోకండి. అక్కడ ఒక యురేనియం మిల్లు 1955 నుంచి 1968 దాకా నడిచింది. ఖనిజశుద్ధికి వాడిన రసాయనాల వల్ల అమోనియం, నైట్రేట్ నేలలోకీ నీటిలోకీ దిగాయి. మిల్లు వ్యర్థాల గుట్టను 1994 నాటికి యూటాలోని మెక్సికన్ హ్యాట్‌కు తరలించారు. గుట్ట పోయింది కదా, రిబ్బను కత్తిరించి ఇంటికి పోవచ్చు. పోలేదు! లోతుగా వేళ్ళు దిగే ఎడారి పొదలు నాటారు. గొర్రెలు మేయకుండా కంచె వేశారు. తడి వేళ్ళను దాటి కిందికి దిగకుండా నీళ్ళు కొలిచి పెట్టారు. ఏళ్ళ తరబడి మట్టి తీసి పరీక్షించారు. తీరా చూస్తే పొదలు పీల్చినదానికన్నా నేలలోని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి గాలిలో కలిపిందే ఎక్కువ. ఇంత ఓపిక ఎవరికుంది? మీరు ప్రారంభోత్సవం నాడు అశోక మొక్కలు నాటండి, ఫొటోలో నిటారుగా నిలబడతాయి. కంచె వద్దు. మేకలకూ ఆకలుంటుంది.

ఆ సూక్ష్మజీవులతోనే పని చేయిద్దామని కన్సల్టెంటు పట్టుబట్టవచ్చు. అమోనియాను నైట్రేట్ చేసేవాటికి గాలి కావాలి. నైట్రేట్‌ను వాయువు చేసేవాటికి గాలి తగలకూడదు, పైగా తినడానికి మొలాసిస్సో ఇథనాలో పోయాలి. ఖర్చు కలిసొస్తుందని రెండు పనులూ ఒకే గుంతలో ఒకేసారి మొదలుపెట్టించండి, మొలాసిస్ బడ్జెట్ సగానికి కోయండి. అరకొర తిండితో పని మధ్యలో ఆగి నైట్రైటో, నైట్రస్ ఆక్సైడో మిగులుతుంది. ఈ రెండోది భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు ఘనమైనది. కానీ రంగు లేదు, ఎవరికీ కనబడదు.

ఇక పల్లపు ఊళ్ళోని బావులు. జనం గేటు దగ్గరికొస్తే ‘కాచి తాగండి’ అని కరపత్రాలు పంచండి. క్రిములు చస్తాయి, నీరు ఆవిరవుతుంది, నైట్రేట్ గిన్నెలోనే ఉంటుంది. రెండు గ్లాసులు ఒక గ్లాసు అయ్యేదాకా కాస్తే మోతాదు రెట్టింపు. పెద్దవాళ్ళకు వెంటనే ఏమీ తెలియదు. ఆ నీళ్ళతో పాలపొడి కలిపి పట్టిస్తే పసివాళ్ళ రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలిబడుతుందని అయోవా డాక్టరు హంటర్ కోమ్లీ 1945లోనే రాశాడు. ఎక్కువగా ఆరు నెలల్లోపు వాళ్ళకే ఆ ముప్పు. ఆ వయసువాళ్ళు కలెక్టరుకు అర్జీ పెట్టుకోలేరు. కరపత్రం మీద కంపెనీ లోగో మాత్రం కాస్త పెద్దదిగా వేయించండి.