పదకొండో రోజు పెద్దమనిషి

నడుం పట్టేసిన వారంలో ఆయనంత బుద్ధిమంతుడైన రోగి ఊళ్ళో ఉండడు. ఫిజియోథెరపిస్టు ఇచ్చిన బొమ్మల కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి, రోజూ టిక్కులు పెడతాడు. కొత్త మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుం పైకెత్తి, ఇంటిల్లిపాదికీ వినబడేలా పది దాకా లెక్కపెడతాడు. అంతసేపూ ఇంట్లో మిక్సీ తిరగకూడదు. పదో రోజుకి నొప్పి తగ్గుతుంది. పదకొండో రోజు మ్యాట్ బీరువా వెనక్కి చేరుతుంది, కాగితం మీద పాల లెక్క పడుతుంది. కొన్ని నెలలకి గ్యాస్ బండ జరపబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోతాడు. "ఫిజియో మన ఒంటికి పడదండీ" అని తీర్పు కూడా అప్పుడే ఇస్తాడు.

ఆయన్ని బద్ధకస్తుడంటే అన్యాయం. పది రోజులు చేసినవాడికి ఓపిక లేదని ఎలా అంటాం? తప్పింది లెక్క. వ్యాయామాన్ని ఆయన జ్వరం బిళ్ళలా చూస్తాడు. జ్వరం దిగితే బిళ్ళ మానేయాలి కదా అంటాడు. కానీ నొప్పి పోవడం వేరు, వెన్ను పక్కన సన్నగిల్లిన కండకి బలం రావడం వేరు. తొలిసారి నడుం పట్టినవాళ్ళ మీద ఆస్ట్రేలియాలో జరిగి 2001లో వెలువడిన అధ్యయనం ఈ సంగతే చెప్పింది. వ్యాయామం చేసినా చేయకపోయినా నొప్పి కొన్ని వారాల్లో తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం చేయనివాళ్ళలో 84 శాతం మందికి, చేసినవాళ్ళలో 30 శాతం మందికి మళ్ళీ వచ్చింది. పరీక్షించింది 39 మందినే కాబట్టి ఆ అంకెల్ని శిలాశాసనం చేయక్కర్లేదు. అయినా వ్యాయామం ఫలితం నొప్పి వెళ్ళాకే తెలుస్తుందన్న మాట మన పెద్దమనిషి వినాల్సిందే.

వినడు. "నాది డిస్కు కేసండీ" అని ఎమ్మారై ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూపిస్తాడు. నడుంనొప్పి లేని 98 మందికి స్కాన్ తీసి 1994లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఫలితాల్లో సగం మందికి పైగా డిస్కు ఉబ్బు కనబడింది. ఫిల్ములో ఉబ్బు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం. "రెస్టే మందు" అంటాడు. హెల్సింకీలో 1995 నాటి పరిశోధనలో రెండు రోజులు మంచం పట్టినవాళ్ళ కంటే ఓపినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. "టైమెక్కడిదండీ" అంటాడు. మెడ కోసం గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగి అయిదు సెకన్లు నిలపడం కుర్చీలోంచి లేవకుండానే అయిపోతుంది. పైగా క్లినిక్‌కి వెళ్ళి 'కరెంటు పెట్టించుకోవడానికి' ఆయనకి బోలెడు టైముంది, అక్కడ పని చేసేది మిషనే కనుక.

ఆయన మాటల్లో ఒక్కటి మాత్రం నిజం: అందరికీ ఒకే వ్యాయామం పడదు. మెకెంజీ పద్ధతిలో ఎక్కువగా వెనక్కి వంచుతారు, విలియమ్స్ పద్ధతిలో ముందుకి. ఈ నిజం తెలిసీ, పెళ్ళి భోజనాల దగ్గర పక్కవాళ్ళందరికీ తన కాగితమే వాట్సాప్ చేస్తాడు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా కాగితాలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మిగతావాళ్ళు ఎవరి కాగితం వాళ్ళు పట్టుకుని, నొప్పి తగ్గిన మర్నాడు కూడా మ్యాట్ పరవండి. అసలు వైద్యం ఆ రోజే మొదలవుతుంది.