ట్యాగు దారి ట్యాగుది, పెట్టె దారి మనది

శంషాబాద్‌లో పెట్టెకు కట్టిన ట్యాగు మీద ‘షార్లట్’ అనే ఉంటుంది. అమెరికాలోని ఆ ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరిన అమ్మానాన్నలు హమ్మయ్య అనుకుంటారు. దుబాయ్‌లో విమానం మారినా పెట్టె జోలికి పోనక్కర్లేదు. తీరా న్యూయార్క్‌లో దిగాక తెలుస్తుంది అసలు సంగతి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ దాటి, బెల్టు మీంచి 23 కిలోల పెట్టెలు లాగి, కస్టమ్స్‌కు ఆవకాయ గురించి విన్నవించి, వాటిని మళ్లీ అప్పగించాలి. ఆపైన ఇంకో తనిఖీ.

ఇంతకీ షార్లట్ విమానానికి చేతిలో ఉన్నది రెండు గంటలు!

ఒకే టికెట్టయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి దాంట్లో ఎక్కిస్తారు. నాలుగు డబ్బులు మిగుల్తాయని సుపుత్రుడు విడివిడిగా కొంటే ఆ పూచీ ఉండదు. భలే పొదుపు!

అబుధాబిలో మాత్రం 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని ఈ తతంగమంతా ముందే ముగిస్తున్నారు. అబ్బాయిలూ, ఈసారి టికెట్ ధరతోపాటు మధ్యలో దిగే ఊరు కూడా చూడండి.