చోరశబ్ద చంద్రిక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: ఎత్తుకునే చెయ్యి ఒకటే, పోయే సొమ్మూ ఒకటే, మరి ఆ పనికి ఇంగ్లిషులో ఇన్ని పేర్లేమిటని శిష్యుడు అడిగితే, గురువు కోర్టు వరండాలో ఆశువుగా చెప్పిన పద్యం ఇది. గురువు పేరు తెలియదు. వాయిదాకు వచ్చినవాడని మాత్రం సంప్రదాయం.

పేద తీయ థెఫ్టు, పెద్దలు తీసిన
నోరు తిరుగనట్టి నుడుగు వచ్చు;
దొరలు దోచుకొన్న దొడ్డ సేవయనిరి;
పదవికొలది పేరు పాపమునకు.

టీక: పేద = తాళంచెవి చేతిలో లేనివాడు; తీయ = పరుల సొత్తును వారి ఇంట్లోంచి ఎత్తుకుపోగా; థెఫ్టు = ఒక్క దెబ్బకు పలకదగిన మాట. మాట పొట్టిదని శిక్షా పొట్టిదనుకోరాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరి. జాలిపడిన జూరీలు ఎంత సొత్తుకైనా 39 షిల్లింగులే ఖరీదు కట్టి మనిషిని బతికించేవారు. ఒక్క షిల్లింగు లోపంతో ప్రాణం నిలిపిన ఇలాంటి ప్రయోగం మన వ్యాకరణాల్లో కనబడదు.

పెద్దలు = సొమ్ము ఎవరి చేతుల్లో పెడతారో వారు. ధనవంతులని అర్థం చెప్పిన పూర్వవ్యాఖ్యాతలు పొరబడ్డారు. గుమాస్తా కూడా ఈ పదంలోకే వస్తాడు. తీసిన = ఈ ఒక్క మాట దగ్గరే ఇంగ్లిషు న్యాయమూర్తులు మూడు వందల ఏళ్ళకు పైగా తన్నుకులాడారు. 1473లో ఒక బండివాడు సౌతాంప్టన్‌కు చేర్చవలసిన మూటల్ని వేరేచోటికి తోలుకుపోయి, విప్పి, సరుకు కాజేశాడు. మూటలు యజమానే అతని చేతికిచ్చాడు కదా, ఇక తీయడమెక్కడిదని వాదన వచ్చింది. తర్జనభర్జనల తర్వాత తేలిందేమంటే, మూట అతనికిచ్చినదే, లోపలి సరుకు ఇచ్చినది కాదు, కాబట్టి విప్పినందుకు దొంగ. దీని నుంచి పుట్టిన సూత్రం ప్రకారం మూటను మూటగానే అమ్ముకున్నవాడు దొంగ కాడు. విప్పి చూడాలనే కుతూహలం ఉన్నవాడికే చిక్కు.

నోరు తిరుగనట్టి నుడుగు = ఎంబెజిల్‌మెంట్ మొదలైనవి. 1799లో బేజ్‌లీ అనే లండన్ బ్యాంకు గుమాస్తా ఖాతాదారు పంపిన సొమ్ములోంచి 100 పౌండ్ల నోటును సొరుగులో వేయకుండా జేబులో వేసుకున్నాడు. నోటు బ్యాంకు స్వాధీనంలోకి చేరనేలేదు, చేరనిదాన్ని బ్యాంకు నుంచి దొంగిలించడం కుదరదన్నారు న్యాయమూర్తులు. అతను బయటపడ్డాడు. ఆ ఏడే పార్లమెంటు గుమాస్తాల కోసం, నౌకర్ల కోసం ఎంబెజిల్‌మెంట్ అనే ప్రత్యేక నేరాన్ని శాసనంలోకెక్కించింది. అంటే చెయ్యి ముందు పుట్టింది, చట్టం తర్వాత పుట్టింది. ఆదిశబ్దం చేత పెక్యులేషన్ గ్రహింపవలెను. లాటిన్‌లో పశుసంపదకున్న మాట దీని మూలం, మన పశుశబ్దానికి దాయాది. అయితే పశువుల దొంగను చెట్టుకు కడతారు. పెక్యులేషన్ చేసినవాణ్ణి కమిటీ ముందు కుర్చీవేసి కూర్చోబెడతారు.

దొరలు = కుంఫిణీవారు. దోచుకొన్న = లూట్ చేసిన. ఈ లూట్ ఇంగ్లిషువారిది కాదు, హిందుస్తానీ నుంచి 18వ శతాబ్దంలో పట్టుకుపోయినది. భాషాశాస్త్రులు మర్యాదగా ఎరువు మాట అంటారు. ఎరువు తెచ్చుకున్నది తిరిగివ్వాలన్న సంగతి ఎత్తరు.

దొడ్డ సేవ = ఇది కవి కల్పన కాదు. ప్లాసీ తర్వాత క్లైవు బెంగాలులో 2,34,000 పౌండ్లు పుచ్చుకున్న మాట నిజమేనని 1773లో కామన్స్ సభ తీర్మానించింది. దాని వెంటే, దేశానికి గొప్ప సేవలు చేశాడని కూడా తీర్మానించింది. ఆ క్లైవే 1765లో షా ఆలం పాదుషా చేత ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నాడు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన నేలే. రాసిచ్చిన పాదుషా మాట అక్కడ చెల్లదు. తనదనుకున్న నిజాముకు మరుసటి ఏడు పేష్కష్ ఒప్పుకుని సర్దిచెప్పారు. రాజ్యం లాక్కోవడానికి యూజర్పేషన్ అనే మాట ఇంగ్లిషులో లేకపోలేదు. దాన్ని మైసూరు హైదరాలీకి దాచి ఉంచారు, తమ కాగితాల్లో మాత్రం గ్రాంట్ అని రాసుకున్నారు.

తాత్పర్యము: స్పష్టము.

ఆక్షేపము: 1968లో ఇంగ్లండు ఈ పేర్లన్నీ కొట్టేసి ఒకే థెఫ్ట్ చట్టం కింద కలిపింది కదా, పద్యానికి కాలం చెల్లలేదా? పైగా మన దేశంలో మామూలు దొంగతనానికి మూడేళ్ళే, ప్రభుత్వోద్యోగి చేసిన నమ్మకద్రోహానికి యావజ్జీవం దాకా ఉంది కదా?

సమాధానము: కవి చెప్పింది పేరు గురించి, శిక్ష గురించి కాదు. ఇక్కడ పేర్లు కలవనే లేదు. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన న్యాయసంహితలోనూ చోరీ 303, దుర్వినియోగం 314, నమ్మకద్రోహం 316, మోసం 318 అని వేరువేరు గదులు. 420 సెక్షను పోయినా తిట్టు మాత్రం పాత నంబరుతోనే చెలామణి అవుతోంది. ఇక తెలుగు సంగతి: కూలివాడు ఎత్తుకుపోతాడు, గుమాస్తాది చేతివాటం, అంతకు పైవాడైతే స్వాహా, కైంకర్యం. మొదటిది హోమగుండం దగ్గరి మాట, రెండోది దేవుడి సేవ. దొడ్డ సేవ దగ్గర కవి కన్ను ఒకటి లండను మీద, ఒకటి మన మీద ఉన్నట్టే.

పాఠాంతరము: ఒక ప్రతిలో 'పాపమునకు' అన్నచోట 'ప్రాప్తమునకు' అని ఉంది. యతి సరిపోతుంది, అర్థమూ కుదురుతుంది. కానీ ఆ ప్రతి దొరికింది ఒక సహకార సంఘం మాజీ అధ్యక్షుడి బీరువాలో. అందువల్ల దాన్ని ప్రమాణంగా తీసుకోలేదు.